నాలుగో రాయి

జపాన్‌లో మా మహమూద్ మొదటి నమస్కారం పెట్టింది ఒక దిష్టిబొమ్మకు. తప్పు పూర్తిగా వాడిది కాదు. బయలుదేరే ముందు మా పన్నెండు మంది పాలమూరు వాళ్లను కూర్చోబెట్టి, అక్కడ పెద్దవాళ్లు ఎదురైతే నడుము వంచి నమస్కరించాలని గంటసేపు చెప్పి పంపారు. బస్సు దిగి కొండదారి పట్టగానే, మొదటి మలుపులో, వరిమడి ఒడ్డు మీద గడ్డిటోపీ, నీలం చొక్కా వేసుకున్న ముసలాయన ఒకరు నిలబడి ఉన్నారు. మహమూద్ సంచి కింద పెట్టి నడుము వంచాడు. ఆయన వంగలేదు. వీడు ఇంకొంచెం వంగాడు. మూడోసారీ ఆయన కదలకపోయేసరికి నా వైపు తిరిగి, "ఏందిరా శీనూ, గింత తలపొగరా? మన ఊరి పటేల్ నయం" అన్నాడు. ముందు నడుస్తున్న దుబాసీ అమ్మాయి వెనక్కి చూసి దారి మధ్యలోనే కూలబడి నవ్వింది. హైదరాబాదు పిల్ల, అక్కడే చదువుకుంటోంది. ఆ ఊళ్లో మనుషులు తగ్గిపోయారనీ, పిట్టల కోసమే కాక తోడుగా ఉంటాయని కూడా అలాంటి బొమ్మలు పెట్టుకుంటారనీ నవ్వు ఆపుకుని చెప్పింది. అప్పుడు మహమూద్ బొమ్మ భుజం తట్టి, "మాఫ్ చెయ్యి చాచా" అని సంచి ఎత్తుకున్నాడు.

మహమూద్‌దీ నాదీ వీపనగండ్ల పక్కన ఒకే ఊరు, ఒకే బడి. వాడికి కొత్తకోటలో హైవే మీద దాబా ఉంది, ఊళ్లో నాలుగెకరాల వరి ఉంది. నేను గద్వాలలో స్థిరపడ్డాను. మళ్ల నుంచి తప్పించుకుని, మళ్ల గురించి పత్రికలకు రాస్తూ పెద్దమనిషినయ్యాను. అందుకే రైతుల యాత్రలో నాకూ ఒక చోటు దొరికింది. ఆ కొండ మీద నేను ఒక అబద్ధం చెప్పాను. అది కొత్తది కాదు. ముప్పై ఏళ్లకు పైగా చెబుతున్న అబద్ధమే. దాన్ని సరిదిద్దడానికే ఈ నాలుగు పేజీలు.

ఆ మళ్లను ఎలా చెప్పాలో తెలియడం లేదు. కొండ పైనుంచి కింది దాకా మెట్టుకొక మడి. కొన్ని మళ్లు మా ఇంటి నులకమంచం కన్నా పెద్దవి కావు. నీళ్లు నిండి, ఒక్కో దాంట్లో ఒక్కో ముక్క ఆకాశం పడి, గాలి వీస్తే అన్నీ ఒకేసారి వణికేవి. నాట్ల కాలం. మాకు ఆతిథ్యం ఇచ్చిన ముసలాయనకు ఎనభై దాటాయి. తలకు తువాలు, తొడల దాకా రబ్బరు బూట్లు. పారతో బురద తీసి ఒడ్డుకు కొట్టి, పార వీపుతో నున్నగా మెత్తుతున్నాడు. మా నాయనమ్మ పొయ్యిగడ్డ అలికినట్టే, ఒకసారి అలికి, తల వెనక్కి వంచి చూసుకుని, నచ్చక మళ్లీ అలకడం. ఆయన భార్య పుల్లటి పండు ఊరగాయ లోపల పెట్టి అన్నం ముద్దలు చేసి తెచ్చింది. మహమూద్ దానికి బదులుగా సంచిలోంచి జొన్నరొట్టె, పుంటికూర పచ్చడి తీసి ఇచ్చాడు. ఆమె పచ్చడి నాలుక మీద పెట్టుకుని, కళ్ల నీళ్లు కారుతుండగా, ఎంతో మర్యాదగా ఇంకొంచెం అడిగింది.

నేను బూట్లు విప్పి మడిలో దిగాను. నీళ్లు పెట్టి దున్ని కరిగెట చేసిన మడి వాసన ఏ దేశంలోనైనా ఒకటేనని అప్పుడే తెలిసింది. కుళ్లిన ఆకు, పశువుల పేడ, ఎండకు కాగిన నీళ్లు, మూడూ కలిసిన వాసన. అది ముక్కుకు తగలగానే నాకు మా నాయన గుర్తొచ్చాడు. పొలం నుంచి ఇంటికొస్తే ఆయన నా మొహం చూసేవాడు కాదు, కాళ్లు చూసేవాడు. పిక్కల మీద బురద గీత ఎంత పైన ఉంటే అంత పని చేసినట్టు లెక్క. ఈ లెక్క కనిపెట్టాక నేను మడి ఒడ్డున కూర్చుని చేత్తో బురద తీసి మోకాళ్ల దాకా పూసుకుని ఇంటికి పోయేవాణ్ని. నాయనమ్మ రాగి చెంబుతో నీళ్లు పోస్తూ, "నా మనుమడు మడిల మునిగి తేలిండు" అని ఊరంతా వినేట్టు చెప్పేది. ఒకసారి మోకాళ్లకు బురద ఉండి పాదాలు శుభ్రంగా ఉండడం నాయన చూశాడు. మరునాడు పొద్దున నన్ను మడిలో దింపి తను ఒడ్డు మీద కూర్చున్నాడు. అన్నం వేళ దాకా లేవలేదు. ఆయన శిక్షలన్నీ అట్లాగే, మాట ఖర్చు లేకుండా ఉండేవి.

పని ఆపి అందరం ఒడ్డు మీద కూర్చుని టీ తాగుతున్నప్పుడు ముసలాయన నీళ్ల సంగతి చెప్పాడు. కొండ పైన ఊట ఉంది. దాని నీళ్లు పై మడి నిండి కింది మడిలోకి, అది నిండి ఇంకా కిందికి దిగుతాయి. పైన ఒక చెక్క పలక ఉంది, దాన్ని ఎత్తడం దించడం ఒక్కరి పనే. ఆ పని వాళ్ల ఊళ్లో తరతరాలుగా అన్నిటికన్నా కింది మడి ఉన్నవాడిదే. ఇప్పుడు అది ఆయనదే. "చివర తాగేవాడి చేతిలో కుండ ఉంటే ఎవరికీ దప్పిక ఉండదు" అన్నాడని ఆ అమ్మాయి తెలుగు చేసి చెప్పింది.

అంతే, నాకు ఊపు వచ్చింది. మా ఊళ్లో కూడా ఇట్లాంటి పద్ధతే ఉండేదని, వినండి చెబుతానని, నా పాత కథ ఎత్తుకున్నాను. ఈ కథ నేను పెళ్లిళ్లలో చెప్పాను, బస్సుల్లో చెప్పాను, ఒకసారి వనపర్తిలో ఒక సభలో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. కథ ఇది. మా చెరువు కింద నీళ్లను వంతుల ప్రకారం మళ్లకు పంచడానికి నీరటి ఒకాయన ఉండేవాడు, పేరు నర్సయ్య. వంతు కొలవడానికి ఆయన గడియారం వాడడు. కాలువ చివర ఒడ్డు మీద నిలువుగా ఒక కట్టె పాతి, దానికి తూర్పున వరసగా రాళ్లు పెట్టాడు. పొద్దు పడమటికి వాలేకొద్దీ కట్టె నీడ సాగి ఒక్కో రాయినీ తాకుతుంది. నీడ రాయికి తగలగానే ఒక మడికి నీళ్లు ఆపి ఇంకో మడికి మళ్లించాలి. మూడో రాయి నుంచి నాలుగో రాయి దాకా మా మడి. ఆ తర్వాత పొద్దు గుంకే దాకా చివరి మడి. ఊళ్లో ఇద్దరు ముగ్గురికి చేతి గడియారాలున్నా నర్సయ్య నమ్మేవాడు కాదు. "గడియారం తిప్పితే తిరుగుతది. పొద్దును తిప్పేటోడెవడు?" అనేవాడు. నేను తొమ్మిదో తరగతి. పొద్దును తిప్పడం నా వల్ల కాదు కానీ, రాయిని జరపడం ఎంత పని?

మొదటి రోజు నాలుగో రాయిని జానెడు అవతలికి జరిపాను. తర్వాత మూర. తర్వాత సందు దొరికినప్పుడల్లా రెండు మూరలు. మా మడి ఒడ్డు దాకా నిండేది. "మావోడు పారిస్తే మడి చెరువైతది" అని నాయన నలుగురిలో అన్నాడు. జీవితంలో ఆయన నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే. "మరి నర్సయ్య ఏం చేస్తుండె?" అని వినేవాళ్లు అడగాలి, అడుగుతారు. అప్పుడు నేను గురక పెట్టి చూపిస్తాను. "కల్లు తాగి ఆముదం చెట్ల నీడకు నిద్ర!" అంటాను. జనం పడీ పడీ నవ్వుతారు. ఆ రోజూ నవ్వారు. గురక ఏ భాషలోనైనా గురకే కదా, అమ్మాయి తెలుగు నుంచి మార్చకముందే ముసలాయన భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ముసలాయన మాత్రం అమ్మాయి పూర్తిగా చెప్పేదాకా ఆగి, గిన్నె కింద పెట్టి ఒకే మాట అడిగాడు. ఆ చివరి మడి ఎవరిది?

నన్ను అంతవరకు ఎవరూ ఆ మాట అడగలేదు. పెళ్లిళ్లలో అడగలేదు, సభలో అడగలేదు. "గుర్తు లేదు" అన్నాను. మహమూద్ దగ్గాడు. వాడికి దగ్గు లేదు. ముసలాయన నా మొహం కొంచెంసేపు చూసి, పార తీసుకుని మళ్లీ ఒడ్డు అలకడానికి పోయాడు. మెల్లగా మహమూద్ నా పక్కకు జరిగి, "ఈడికొచ్చి గూడ చెప్తివి గదరా. పాపం ముసలాయన నిజమనుకుంటడు" అన్నాడు.

గుర్తు లేకపోవడమేమిటి. చివరి మడి నర్సయ్యదే. నీరటి పనికి బదులుగా ఊరు ఇచ్చిన మడి. మా వైపు కూడా నీరటికి ఎప్పుడూ కాలువ చివరి మడే ఇస్తారు. అందరికీ అందాకే తనకు అందాలి, అప్పుడు పంపకం దానికదే సరిగ్గా ఉంటుందని పెద్దలు చేసిన కట్టుబాటు. అంటే నేను రాయిని జరిపిన ప్రతి మూరా ఆయన మడిలోంచి తీసుకున్నదే. అప్పుడూ తెలుసు నాకు. ఇంకా తెలిసినవి చెబుతాను. నర్సయ్య కల్లు ముట్టడు. పగలు పడుకోడు. నేను సాయంత్రం జరిపిన రాయి మళ్లీ మా వంతు వచ్చేసరికి పాత చోటే ఉండేది. ఎవరు పెట్టారా అని ఆలోచించకుండా ఉండడానికి నేను చాలా కష్టపడేవాణ్ని. ఒకనాడు రాయి రెండు చేతులతో ఎత్తి నిలబడి తలెత్తితే, ఆముదం చెట్ల పక్కన ఆయన. భుజాన పార, మోకాళ్ల దాకా బురద, నిజమైన బురద. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు. కొడతాడనుకున్నాను. "రాయి బరువుంటది బిడ్డా. కాలు మీద పడేను, పైలం" అని, కాలువ వెంట పైకి నడిచిపోయాడు. నేను ఆ రాయిని ఏం చేశానో చెప్పాలి కదా. రెండు మూరల అవతల పెట్టాను.

పొట్టకొచ్చే వేళకు ఆయన మడి నెర్రెలు వారింది. ఊరి రైతులు తూము దగ్గర కూడారు. "నీ మడికే నీళ్లు తెచ్చుకోలేనోనివి, మా మళ్లకేం తెస్తవ్ నర్సయ్యా?" అని కుర్మయ్య అనే పెద్దరైతు అడిగాడు. నర్సయ్య నేల చూస్తూ నిలబడ్డాడు. ఆయన నోరు తెరిస్తే నా పేరు వస్తుంది. అందుకని ముందు నేనే నోరు తెరిచాను. "పగటిపూట పండుకుంటడు. నేను చూసిన" అన్నాను. ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ఆయన తలెత్తి నన్ను ఒక్కసారి చూశాడు. కుర్మయ్య చెయ్యి చాపితే పార ఇచ్చేశాడు. మరుసటి ఏడు వేరొకరు నీరటి అయ్యారు. ఈయనకు 'నిద్ర నర్సయ్య' అనే పేరు మిగిలింది. నేను మా ఊరికి చేసిన సేవ అదొక్కటే, ఒక పేరు పెట్టాను.

ఇప్పుడు ఊళ్లో ఆ కట్టె లేదు, రాళ్లు లేవు. పెద్ద కాలువ వచ్చింది, బోర్లున్నాయి, మోటార్లు వాటంతట అవే నడుస్తాయి, ఆగుతాయి. ఎవరి నీళ్ల కోసం ఎవరూ ఎదురు చూడనక్కర్లేదు, ఎవరి మొహం ఎవరూ చూడనక్కర్లేదు. ఇది మంచిదేనని పత్రికల్లో నేనే రాశాను, మంచిదే కూడా. కాకపోతే నీడ రాయిని తాకే ఆ క్షణం కోసం నలుగురు మనుషులు నోరు మూసుకుని నేల మీదికి వంగి చూడడం, "తగిలె" అని అందరూ ఒకే గొంతుతో అనడం, అట్లాంటిది మళ్లీ ఎక్కడా చూడలేదు. అంత నమ్మకం పెట్టుకున్న రాయి కనుకనే దొంగిలించడం అంత సులువైంది.

తిరిగొచ్చాక నర్సయ్య కూతురు బాలమ్మ దగ్గరకు పోవాలనుకున్నాను. అనుకుంటూ వానాకాలం గడిపాను. మహమూద్ వారానికోసారి ఫోన్ చేసి హలో అనకుండా, "చివరి మడి ఎవరిది సార్?" అని అడిగి పెట్టేసేవాడు. ఒకసారి వాడి దాబాలో భోజనానికి కూర్చుంటే, వడ్డించే పిల్లవాడితో కూడా అడిగించాడు. చివరికి కోతలయ్యాక బయలుదేరాను. బాలమ్మ ఇంట్లో లేదు, ఊరి బయట వడ్లు కొనే కల్లంలో ఉందన్నారు. మిట్టమధ్యాహ్నం. నలభై కుప్పలు, కుప్పకొక మనిషి, కాంటా కోసం ఎదురుచూపు. బాలమ్మ నాకన్నా నాలుగేళ్లు పెద్దది. కొంగు నడుముకు చుట్టి, వడ్లలో కాళ్లు ఈడుస్తూ, సాలు పట్టినట్టు ఆరబోస్తోంది.

"అక్కా, ఒక మాట చెప్పాలె. జర పక్కకు రా."

"పక్కకెందుకు? ఎండ ఈడనే మంచిగున్నది. నడుసుకుంట చెప్పు."

ఆమె వెంట వడ్లలో నడుస్తూ, గొంతు తగ్గించి, అంతా చెప్పాను. రాయి, చూసిన చూపు, తూము దగ్గర మాట. ఆమె కాళ్లు ఆగలేదు. కుప్ప చివరిదాకా పోయి వెనక్కి తిరిగింది.

"గిది నాకు తెల్వదనుకున్నవా?"

"నీకెట్ల తెలుసు?"

"మా నాయిన చెప్పిండు. పోరని పేరు చెప్పరాదా అని నేను ఆయనతోని కొట్లాడిన. ఏమన్నడో తెలుసా? 'పేరు చెప్తే వాళ్ల నాయిన వీపు పగులగొడతడు. భయానికి రాయి నాలుగు దినాలు నిలుస్తది. చెప్పకుంటే వానికే సిగ్గు పుట్టి వాడే కావలుంటడు, పంట చేతికొచ్చేదాక నిలుస్తది' అన్నడు." బాలమ్మ నా వైపు చూసి, ఎండకో నవ్వుకో కళ్లు చిట్లించింది. "నీళ్ల కాడ మా నాయిన లెక్క జల్మల తప్పలే శీనూ. నీకు సిగ్గున్నదనుకున్నడు సూడు, గదొక్కటే తప్పిండు."

నేను చేతులు కట్టుకున్నాను. తప్పయిందక్కా, మనసులో పెట్టుకోకు అన్నాను.

"పెట్టుకుంటే ఏం, పెట్టుకోకుంటే ఏం? మొన్న నా మనవడు బడిల కునికిండంట. 'ముత్తాత పోలిక వచ్చిందిరా నీకు' అన్నడంట సారు. ఆ సారు మా నాయినను చూడనన్న చూడలే. మా నాయిన పగటిపూట కన్ను మూసింది ఒక్కటే పారి, పాడె మీద." ఆమె వడ్లలో కాళ్లు ఈడుస్తూనే ఉంది. "నాకెందుకు చెప్తున్నవ్? నాకు తెలిసిందే. తెల్వనోళ్లు గింతమంది కూసున్నరు."

నాకు జనంలో మాట్లాడడం కొత్త కాదు. కాంటా పక్కన నిలబడి, "అందరూ జర ఇనుండ్రి" అన్నాను. "సారు ఎత్తుకున్నడు!" అని ఎవరో అన్నారు, కుప్పల మీద మనుషులు సర్దుకుని కూర్చున్నారు. మొదలుపెట్టాను. దౌర్భాగ్యం ఏమిటంటే, నా నోటికి ఆ కథ ఒకే తీరుగా అలవాటు. జానెడు జరిపిన చోట నవ్వారు. మూర అన్నచోట ఇంకా నవ్వారు. మడి చెరువైతది అన్నచోట ఒకాయన నాకన్నా ముందే ఆ మాట అనేశాడు. గురక కోసం అందరూ నా మొహం చూస్తున్నారు.

"ఆయన పండుకోలే" అన్నాను. "నిలబడి నన్ను చూస్తుండె."

ఇది కథలో కొత్త ముక్క. నవ్వడానికి తెరిచిన నోళ్లు కొన్ని అట్లాగే ఉన్నాయి. కుర్మయ్యకు ఇప్పుడు నడుము వంగింది, గోనెసంచి మీద కూర్చుని ఉన్నాడు. ఊతకర్ర పక్కకు పెట్టి, "మరి ఆనాడు తూము కాడ నీవే గదనయ్య, చూసిన అన్నవు?" అని అడిగాడు.

"అబద్ధం చెప్పిన, పెద్దయ్యా. ఆయన మడి నీళ్లు మా మడికి పారించుకున్నది నేను. ఆయన నిద్రపోలే. ఎన్నడు పోలే."

కుర్మయ్య తన అరచెయ్యి వంక చూసుకున్నాడు. "నేను పార గుంజుకుంటి గద" అన్నాడు, నాతో కాదు. కాంటా దగ్గరి హమాలీ చేతిలోని సంచి కింద పెట్టాడు. కల్లం చివర, ట్రాక్టరు పక్కన కూర్చున్న ఎవరో, "ఏమంటుండు, ఏమంటుండు?" అని పక్కవాణ్ని అడుగుతున్నారు.

బాలమ్మ వడ్ల మధ్య ఆగింది. ఆ రోజు ఆమె కాళ్లు ఆగడం నేను చూసింది అదే మొదటిసారి.

"ఇంకోపారి చెప్పు శీనూ" అన్నది. "ఎనుకోళ్లకు వినవడలే."

గొంతు పెంచి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.